దస్త్రం, నిషిద్ధ పుస్తకం, తాళం వేసిన ఫైలు: నల్లగొండ–పాలమూరు సాహిత్యంలో గోప్య సమాచారపు ఆకర్షణ

సంక్షిప్తి:
దాచిన సమాచారం మనిషిని ఆకర్షిస్తుంది. ఆ ఆకర్షణ సమాచారంలోనే ఉందా, దాచడంలో ఉందా అన్నది పాత ప్రశ్న. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సాహిత్య చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. పట్వారీ ఇంట మూసి ఉన్న దస్త్రం, అధికారం అనుమానించిన పుస్తకం, సంస్థానాల ఊళ్లలో పెట్టెల్లో మిగిలిన కవిత్వం అనే మూడింటినీ వేరు చేసి చూపుతుంది. నేటి అంతర్జాలంలోని ‘ప్రవేశం లేదు’ అనే పలక నిషిద్ధ పుస్తకపు ఆకర్షణను అరువు తెచ్చుకుని, దస్త్రం చేసిన పనినే కొనసాగిస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గోప్యత, దస్త్రం, గస్తీ నిషాన్ 53, గోలకొండ కవుల సంచిక, వట్టికోట ఆళ్వారుస్వామి, డిజిటల్ గ్రంథాలయం, ధరణి.

1. ప్రవేశిక

దేవరకొండ ప్రాంతంలోని మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో ఎర్రగుడ్డలో చుట్టిన ఉర్దూ కాగితం ఒకటి మా ముత్తాత కాలం నుంచి ఉంటూ వచ్చింది. దాన్ని చదవగలిగినవారు ఇంట్లో ఎవరూ లేరు. పండుగనాడు పెట్టె తెరిచినప్పుడు నానమ్మ ఆ మూటను కళ్లకద్దుకుని, “అండ్ల మన చెల్క ఉన్నది బిడ్డా” అనేది. ఆ భూమిని మా కుటుంబం దున్నక చాలా ఏళ్లయింది. అయినా అది కాగితంలో భద్రంగా ఉందన్న నమ్మకం మాత్రం పోలేదు. చిన్నప్పుడు నన్ను ఆ పెట్టె దగ్గరికి లాగింది భూమి మీద ఆశ కాదు. చదవలేని ఆ రాత మీద కుతూహలం.

నిజాం కాలపు తెలంగాణ సాహిత్యంపై పరిశోధన మొదలుపెట్టిన తరువాత ఆ కుతూహలం మరో రూపంలో ఎదురైంది. కావలసిన పాత పత్రిక సంచిక ఏదో ఒక డిజిటల్ భాండాగారపు జాబితాలో కనిపిస్తుంది. పేరు, సంవత్సరం, పుటల సంఖ్య అన్నీ ఉంటాయి. తెరవబోతే తాళం గుర్తు అడ్డుపడుతుంది. లాగిన్ కావాలి, సభ్యత్వం కావాలి, లేదా ఎవరో ఒకరి పరిచయం కావాలి. అప్పటిదాకా సాధారణంగా తోచిన సంచిక ఆ క్షణం నుంచి అత్యవసరమైనదిగా తోస్తుంది. ఎర్రగుడ్డ మూట, తాళం గుర్తు ఒకే రకమైన ఆకర్షణను కలిగిస్తున్నాయా? కలిగిస్తే, ఆ ఆకర్షణను సాహిత్య విమర్శ ఎలా అర్థం చేసుకోవాలి? ఈ ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. గోప్యత: రెండు కథా నమూనాలు

జర్మన్ సామాజికశాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1908లో వెలువరించిన తన సామాజికశాస్త్ర గ్రంథంలో రహస్యాన్ని గురించి విపులంగా చర్చించాడు. రహస్యానికి ఉండే ఆకర్షణ దానిలోని విషయంపై ఆధారపడి ఉండనవసరం లేదనీ, ఇతరులకు లేనిది తనకు ఉందన్న భావనే దానికి విలువ కట్టిపెడుతుందనీ ఆయన వాదన సారాంశం. ఈ సూత్రీకరణ విలువైనదే. అయితే దాచినవాడు ఎవడు, ఎవరి నుంచి దాచాడు, దానివల్ల ఎవరి బతుకు ఏమైంది అనే ప్రశ్నలకు ఇది ఒక్కటే చాలదు. వాటికి మన మౌఖిక సాహిత్యంలో మరింత దగ్గరి ఆధారాలు దొరుకుతాయి.

తెలుగు జానపద కథల్లో రహస్యం ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది ‘నాలుగో దిక్కు’. మూడు దిక్కులకు పోవచ్చు, నాలుగో దిక్కుకు పోవద్దని రాజు కొడుకును హెచ్చరిస్తాడు. కథ వినే పిల్లలందరికీ కొడుకు అటే పోతాడని తెలుసు. పోకపోతే కథే లేదు. ఇక్కడ నిషేధం ఆహ్వానంగా పనిచేస్తుంది. రెండవది ‘చిలుకలో ప్రాణం’. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో దూరాన చిలుకలో ఉంటుంది. అది ఎక్కడుందో తెలియనంత కాలం ఫకీరును ఎవరూ ఏమీ చేయలేరు. తెలుసుకున్న బాలుడు సప్త సముద్రాలు దాటి పోయేది సాహసం రుచి చూడడానికి కాదు, చెరలో ఉన్న తల్లిని విడిపించడానికి.

ఈ రెండు నమూనాలకూ తేడా ఉంది. నాలుగో దిక్కు రహస్యం తెలుసుకునేవాడి కుతూహలం చుట్టూ తిరుగుతుంది. చిలుక రహస్యం దాచినవాడి అధికారం చుట్టూ తిరుగుతుంది. మొదటిది తెలిస్తే ఒక వ్యక్తి అనుభవం మారుతుంది. రెండవది తెలిస్తే చెరలో ఉన్నవారి స్థితి మారుతుంది. నిషేధాల కాలపు తెలంగాణ సాహిత్యాన్ని చర్చించేటప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడడం వల్ల కొన్ని పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం.

3. దస్త్రం: చదవనివ్వని కాగితం

నిజాం రాజ్యంలో గ్రామీణుడికి అత్యంత ముఖ్యమైన రహస్యం ఏ నిషిద్ధ గ్రంథమూ కాదు, పట్వారీ ఇంట్లోని దస్త్రం. ఎవరి పేరున ఎంత పట్టా ఉంది, ఎవరు కాస్తులో ఉన్నారు, ఎంత శిస్తు బాకీ ఉంది అన్నవన్నీ అందులోనే ఉండేవి. 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. మాట్లాడే భాష తెలుగు, బతుకును నిర్ణయించే భాష ఉర్దూ కావడంతో రైతుకూ అతని భూమికీ నడుమ ఒక లిపి అడ్డునిలిచింది. లిపి తెలిసినా దస్త్రం చూపించేవారు కారు. గ్రామాధికారం వంశపారంపర్యం కావడంతో ఊరి లెక్క ఒక కుటుంబపు ఆస్తిలా మారింది.

దీని పర్యవసానాన్ని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటంపై 1972లో వెలువరించిన చరిత్రలో స్పష్టంగా చెప్పారు. పందొమ్మిదో శతాబ్దపు రెవెన్యూ సంస్కరణల్లో శిస్తు వసూలు నేరుగా ప్రభుత్వం చేతికి వెళ్లినప్పుడు, పాత లెక్కలన్నీ దేశ్‌ముఖ్‌ల దగ్గరే ఉన్నాయి. ఆ లెక్కల అండతోనే వారు సారవంతమైన భూములను తమ పేర రాయించుకున్నారు. తరతరాలుగా దున్నుతున్నవారు తాము కౌలుదార్లమయ్యామని ఆలస్యంగా తెలుసుకున్నారు. అంటే ఈ ప్రాంతపు భూస్వామ్యం నిలబడడానికి కర్ర, కొరడాతోపాటు సమాచారంపై గుత్తాధిపత్యం కూడా తోడ్పడింది. అప్పటి నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలో చాకలి ఐలమ్మ చేసిన పోరాటం పండిన పంట గురించే అయినా, ఆ వివాదంలో అడుగడుగునా కౌలు కాగితం, దొర లెక్క ఎదురవుతాయి. ఉద్యమం ఉధృతమైనప్పుడు రైతులు గడీలపైకి వెళ్లి అప్పుపత్రాలను, లెక్కల పుస్తకాలను తగలబెట్టడంలో ఆవేశం ఉంది. దానితోపాటు ఫకీరు ప్రాణం ఏ చిలుకలో ఉందో గుర్తించిన వివేకమూ ఉంది.

సాహిత్యం ఈ దస్త్రాన్ని ఎలా చిత్రించింది? వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవల (1955) తెలంగాణ గ్రామీణ జీవితాన్ని ఆధారం చేసుకున్నది. దొర రామభూపాలరావు ఆధిపత్యానికీ, కంఠీరవం ద్వారా ఊరికి చేరుతున్న కొత్త చైతన్యానికీ మధ్య జరిగే సంఘర్షణ అందులోని ప్రధాన వస్తువు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో దొర పక్కనే కరణం కూడా ఒక చిల్లర దేవుడుగా నిలుస్తాడు. ఈ నవలల్లో గమనార్హమైన అంశం ఒకటుంది. దొరకూ గ్రామాధికారికీ తెలిసి, ఊరికి తెలియని విషయాల పట్ల ఎక్కడా మోజు కనిపించదు. కనిపించేది భయమే. దస్త్రంలో ఏముందోనని ఊరు కుతూహలపడదు, కుంగిపోతుంది. రహస్యం సహజంగానే ఆకర్షణీయం అనే సాధారణ సూత్రానికి ఇది ముఖ్యమైన మినహాయింపు. ఎవరి బతుకు ఆ రహస్యంపై ఆధారపడి ఉందో వారికి అది అందంగా కనిపించదు. ఆకర్షణ కలగాలంటే కొంత దూరం, కొంత తీరిక ఉండాలి. మా ట్రంకు పెట్టె ముందు కుతూహలం నాది. నానమ్మది కుతూహలం కాదు, ఆధారం. ఆ తేడా నాకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది.

4. గోలకొండ కవుల సంచిక: పెట్టెల్లో మిగిలిన కవులు

నల్లగొండ దస్త్రం ఒక ఉదాహరణ అయితే, పాలమూరు సంస్థానాల సాహిత్యం మరొకటి. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత వంటి సంస్థానాలు కవిపండితులను పోషించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరే వచ్చింది. తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణపై చేసిన పరిశోధన ఈ సంపద విస్తృతిని విద్యాలోకానికి చూపింది. అయితే అంతకుముందు చాలాకాలం ఈ సాహిత్యంలో అధికభాగం కొలువుల్లో, పండితుల ఇళ్లలో, తాళపత్రాల కట్టల్లో ఉండిపోయింది. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఎవరూ బయటికి తేలేదు, అంతే.

ఫలితంగా తెలంగాణలో కవులు ‘పూజ్యం’ అన్న మాట వచ్చింది. ముడుంబై వేంకట రాఘవాచార్యుల పేర ప్రసిద్ధమైన ఆ వ్యాఖ్యకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాసి అయిన ఆయన 1926 మే 10న ప్రారంభించిన గోలకొండ పత్రికనే సాధనంగా చేసుకుని, కవులనుంచి రచనలు తెప్పించి 354 మంది కవులను ఒక్కచోట చేర్చారు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా ఆత్మగౌరవ ప్రకటనగా వివరిస్తాం. అది నిజమే. సమాచార చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక పాఠం ఉంది. అందుబాటులో లేని సాహిత్యం విమర్శకుడి దృష్టిలో లేని సాహిత్యంగా మారుతుంది. 354 మంది ఒక్క పుస్తకంతో పుట్టుకురాలేదు, అంతకుముందూ ఉన్నారు. వారిని సున్నా చేసింది మూసి ఉన్న పెట్టె. ప్రతాపరెడ్డి సమాధానం కూడా గమనించదగినది. మా దగ్గర చాలా ఉంది, మీకు తెలియదు అని ఆయన ఊరుకోలేదు. రహస్యపు గొప్పతనాన్ని ఆశ్రయించకుండా పేరు, రచన అచ్చులో చూపించారు. తరువాతి తరంలో కపిలవాయి లింగమూర్తి (1928–2018) పాలమూరు ప్రాంతపు స్థలచరిత్రలను, మరుగునపడిన రచనలను సేకరించి ప్రకటించడంలో అదే పద్ధతి కనిపిస్తుంది. వీరిద్దరి దృష్టిలో సేకరణ ప్రకటనతోనే పూర్తవుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. కుటుంబాల్లో, సంస్థానాల్లో దాచకపోతే ఆ తాళపత్రాలు మిగిలేవా? దాచడం రక్షణే కదా? నిజమే, పెట్టె లేకపోతే ప్రతాపరెడ్డికి దొరికేది కూడా తక్కువే. అందుచేత దాచడాన్నంతటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. భద్రపరచడం, బంధించడం వేరు. మొదటిదానిలో చదవబోయేవాడి తలపు ఉంటుంది. రెండవదానిలో దాచినవాడి తలపు మాత్రమే ఉంటుంది.

5. నిషేధం, ఆకర్షణ, వట్టికోట

ఇక మూడవది అధికారం అనుమానించిన పుస్తకం. 1920ల చివరి నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సభలపై, పాఠశాలలపై, పత్రికలపై అనుమానం కమ్ముకున్న ఆ వాతావరణంలో గ్రంథాలయం కూడా రాజకీయ స్థలమైంది. గోలకొండ పత్రిక సంపాదకీయాలకు ముందస్తు అనుమతి అవసరమని ఆంక్ష విధించినప్పుడు, ప్రతాపరెడ్డి ఆ స్థానంలో ప్రపంచ మేధావుల సూక్తులను ప్రచురించి నిరసన తెలిపారని ఆ పత్రిక చరిత్రను చర్చించినవారు ప్రస్తావిస్తుంటారు. సూక్తి ఎవరిదైనా, అక్కడ అచ్చు కానిది ఏమిటో పాఠకుడికి అర్థమయ్యేది. నిషేధం ఖాళీ స్థలానికి కూడా అర్థం కల్పించింది.

ఇటువంటి సంఘటనల ఆధారంగా, నిషేధం వల్లనే ఆనాటి సాహిత్యం బలపడిందని, నిషిద్ధం కాబట్టే జనం ఎగబడి చదివారని మన విమర్శలో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇది నాలుగో దిక్కు నమూనా. ఇందులో కొంత సత్యం ఉన్నా, ఆళ్వారుస్వామి జీవితం దీన్ని సవరిస్తుంది.

నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారంలో 1915లో పుట్టిన ఆళ్వారుస్వామికి చదువు సులభంగా అందలేదు. ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ చదువుకున్నాడు. హోటల్లో పనిచేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకుని తిరిగి అమ్మాడు. ఇందులో ప్రధానమైనది రహస్యం కాదు, మోత. పుస్తకానికి ఆకర్షణ తెచ్చింది నిషేధం ఒక్కటే అయితే అతడు ఊరూరా తిరగవలసిన అవసరమే ఉండేది కాదు, జనమే వెతుక్కుంటూ వచ్చేవారు. చదువు అలవాటు లేనిచోట, డబ్బు లేనిచోట, లిపి పరాయిదైనచోట నిషేధం దానంతట అది పాఠకుణ్ణి పుట్టించదు. పుస్తకాన్ని ఇంటి గడప దాకా తెచ్చే మనిషి కావాలి. నిషేధపు ఆకర్షణ చదువు అందినవారి మధ్య పనిచేస్తుంది. అందనివారికి కావలసింది అందించే చేయి.

1948లో నిజామాబాద్ జైలులో దాశరథి కృష్ణమాచార్య, ఆళ్వారుస్వామి కలిసి ఉన్న రోజులు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. బొగ్గుతో గోడమీద రాసిన పద్యాల ఉదంతం అందరూ ఎరిగినదే. గోడమీది రాతను చెరపవచ్చు. మరొకరి నోటికి చేరిన పద్యాన్ని చెరపడం కుదరదు. దాశరథి ‘అగ్నిధార’ (1949)ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. నిర్బంధంలో పుట్టిన ఆ కవిత్వానికి విలువ నిర్బంధం వల్ల రాలేదు, దాన్ని దాటి ప్రయాణించడం వల్ల వచ్చింది. నిర్బంధాన్ని మాత్రమే కీర్తిస్తే, దాన్ని దాటించిన మనుషులను మరిచిపోతాం.

ఈ సందర్భంలో ఆళ్వారుస్వామి పేరులో ధ్వనించే వైష్ణవ సంప్రదాయంలోని ఒక గాథ గుర్తుకు వస్తుంది. తిరుక్కోట్టియూర్‌లో ఎంతో నిరీక్షించి, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి మంత్రార్థాన్ని పొందిన రామానుజాచార్యులు ఆలయ గోపురం ఎక్కి దాన్ని అందరికీ వినిపించారని, తనకు నరకం వచ్చినా సరే పదిమందికి మేలు కలిగితే చాలన్నారని సంప్రదాయం చెబుతుంది. ఈ గాథలో రహస్యపు ఆకర్షణ లేదని కాదు. గురువు చుట్టూ పదేపదే తిరిగించింది అదే. కానీ గాథను చిరస్మరణీయం చేసింది గోపురం. తెలిసినవాడు తెలియనివారి వైపు తిరిగిన క్షణం అది.

6. తాళం వేసిన ఫైలు

ఇప్పుడు తెర మీది తాళం గుర్తు దగ్గరికి రావచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలాది పాత తెలుగు పుస్తకాలు ఒకప్పుడు ఇంటి నుంచే చదువుకునే వీలు ఏర్పడింది. 2017 ప్రాంతంలో ఆ సైటు పాఠకులకు అందకుండా పోయింది. అందులోని చాలా పుస్తకాలను అప్పటికే ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి ఉండడంతో అవి ఇప్పటికీ చదవగలుగుతున్నాం. ఆ ఔత్సాహికులు ఆళ్వారుస్వామి వారసులు. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించాలన్న యూజీసీ 2009 నిబంధన, దాని వెంట వచ్చిన శోధగంగ కూడా తలుపులు తెరిచినవే. జిల్లా కేంద్రంలో కూర్చుని పరిశోధన చేసే విద్యార్థికి ఇవి చేసిన మేలు ఇంతింత కాదు.

అయితే తలుపులు తెరుచుకున్న కాలంలోనే మూసిన తలుపుల మోజు కూడా పెరిగింది. మొబైల్ సందేశ సమూహాల్లో అరుదైన పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. కొన్ని సమూహాల్లో చేరడానికి ఒకరి సిఫారసు కావాలి. ఫైలు ఇచ్చేవారు “ఎవరికీ పంపకండి” అని రాస్తారు. అది మనకు మాత్రమే దక్కిన గౌరవంలా అనిపిస్తుంది.

నా అనుభవమొకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఒక పాత పత్రిక సంచికల ఫైలు నాకు అటువంటి షరతుతోనే చేరింది. నెలల తరబడి దాన్ని నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా దాచుకున్నాను. అదే అంశంపై పనిచేస్తున్న ఒక జూనియర్ విద్యార్థి అడిగితే, నా దగ్గర లేదని చెప్పాను. ఆ అబద్ధానికి కారణం ఇచ్చిన మాట మాత్రమే కాదు. అతని దగ్గర లేనిది నా దగ్గర ఉందన్న తృప్తి కూడా. కొంతకాలం తరువాత ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వేరే పుస్తకం కోసం వెతుకుతుంటే, అవే సంచికలు బైండు చేసి, ఎవరైనా తీసుకోగలిగే అరలో దుమ్ముపట్టి కనిపించాయి. అందులోని వ్యాసాలు అవే. అరలో ఉన్నప్పుడు లేని విలువ ఫైలుకు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే, జవాబు నా గురించే తప్ప సంచికల గురించి కాదు. మరుసటి రోజు ఆ విద్యార్థికి గ్రంథాలయం అర వివరం పంపాను. ముందు అబద్ధం చెప్పానని రాయడానికి మాత్రం ఇంకొన్ని రోజులు పట్టింది.

ఈ అనుభవం ఒక సూత్రానికి దారితీస్తుంది. నిషిద్ధ పుస్తకం చేతులు మారేటప్పుడు చదివేవారు పెరిగేవారు. తాళం వేసిన ఫైలు చేతులు మారేటప్పుడు దాచేవారు పెరుగుతున్నారు. రెండింటిలోనూ గుసగుస ఒకటే కావడం వల్ల పోలిక మనల్ని మోసగిస్తుంది. ఎవరికీ చెప్పకండి అన్న మాట ఒకనాడు మనుషులను పోలీసుల నుంచి కాపాడేది. ఈనాడు అదే మాట హోదాను కాపాడుతున్నది. పరిశోధనలో అలభ్య ప్రతి, ఇంతవరకు ఎవరూ చూడని ఆధారం వంటి పదబంధాలను గర్వంగా వాడేటప్పుడు మనమంతా ఈ విషయాన్ని ఆలోచించాలి. అలభ్యమైన ప్రతిని చూశానని రాసిన పరిశోధకుడు దాన్ని లభ్యం చేసే బాధ్యత కూడా తీసుకోవాలి. లేకపోతే అతడు సురవరం కాడు, పట్వారీ అవుతాడు.

దస్త్రం కూడా అంతర్జాలానికి చేరింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి పోర్టల్ ప్రారంభమైంది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. పట్వారీ ఇంటి చుట్టూ తిరిగిన రైతు మనుమడు ఫోనులో సర్వే నంబరు కొట్టి భూమి వివరం చూడగలగడం చిన్న మార్పు కాదు. అయితే ధరణిలో యజమాని కోరితే తన భూమి వివరాలు ఇతరులకు కనిపించకుండా చేసుకునే వీలు కూడా కల్పించారు. దీన్ని తొందరపడి తప్పు పట్టలేం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. పేదవాడి ఆధార్ సంఖ్య, వేలిముద్ర, రోగం వివరం బజారున పడకూడదు. కానీ భూమి చరిత్ర ఒక్కరి వ్యక్తిగత విషయం కాదు. దానిలో దున్నినవారు, కౌలు చేసినవారు, కోల్పోయినవారు కూడా ఉంటారు. బలహీనుడిని కాపాడే గోప్యతను, బలవంతుడి లెక్కను కాపాడే గోప్యతను ఒకే మీటతో నడిపితే, లాభం ఎవరికో ఈ నవలలు దశాబ్దాల కిందటే చెప్పాయి.

7. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, గోప్య సమాచారపు ఆకర్షణ అందరికీ ఒకేలా ఉండదు. దానిపై బతుకు ఆధారపడినవారికి అది భయం, మిగిలినవారికి మోజు. రెండు, నిషేధం సాహిత్యానికి వన్నె తెచ్చి ఉండవచ్చు, పాఠకులను తెచ్చింది మాత్రం మోసుకుతిరిగిన మనుషులు. మూడు, నిషేధం కంటే నిశ్శబ్దంగా మూసి ఉన్న పెట్టె ఎక్కువ నష్టం చేస్తుంది. నిషేధించినదాన్ని ఎవరో ఒకరు వెతుకుతారు, ఉన్నదని తెలియనిదాన్ని వెతికేవారే ఉండరు. నాలుగు, డిజిటల్ తాళం నాలుగో దిక్కులా కనిపిస్తూ చిలుక పంజరంలా పనిచేస్తున్నది. కాబట్టి లోపల ఏముందన్న కుతూహలంతోపాటు, తాళంచెవి ఎవరి మొలలో ఉందన్న ప్రశ్న కూడా విమర్శకుడు వేయాలి.

మా ట్రంకు పెట్టెలోని కాగితాన్ని పరిశోధనలో చేరిన మొదటి సంవత్సరం ఉర్దూ తెలిసిన ఒక పెద్దాయనకు చూపించాను. అది పట్టా కాదు. 1355 ఫస్లీ నాటి శిస్తు రసీదు. భూమి ఊరి పెద్ద పట్టాదారు పేరున ఉంది. డబ్బు కట్టినవాడుగా మా ముత్తాత పేరు ఉంది. హైదరాబాద్ రాజ్యంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులు కల్పించింది. ఆ రోజుల్లో ఈ రసీదును ఎవరైనా చదివి చెప్పి ఉంటే, కౌలు చేసినట్టు చూపుకోవడానికి అది ఒక ఆధారమై ఉండేది. దాన్ని ఎవరూ మా నుంచి దాచలేదు. చదవలేక, పోతుందేమోనన్న భయంతో ఎవరికీ చూపక, మేమే గుడ్డలో చుట్టి పూజించాం.

విషయం చెప్పినప్పుడు నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “గిదే ముచ్చట అప్పుడు ఎవలన్న చదివి చెప్తే ఎట్లుండు” అన్నది. ఆ కాగితం ఇప్పుడూ పెట్టెలోనే ఉంది. దాని నకలు, తెలుగు పాఠం మాత్రం మా వాడలో అడిగినవారందరికీ ఇచ్చాను. అటువంటి మూటలు ఇంకా ఐదారు ఇళ్లలో ఉన్నాయని అప్పుడే తెలిసింది. వాటిని ఒక్కొక్కటిగా చదివించే పని ఈ పరిశోధనకు అనుబంధంగా సాగుతున్నది.